బండికి తగిన టైరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను మోటారు సైకిలు టైర్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి. మనలో చాలామందిమి ఈ సభకు కొడుకు బండి మీదో, మనవడి బండి మీదో వెనక కూర్చుని వచ్చినవాళ్లమే. ఆ టైరుకు డబ్బిచ్చేది కూడా తరచు మన పింఛనే.

ఈ మధ్య మా మనవడు, "తాతయ్యా, లావు టైర్లు వేయిస్తాను, గ్రిప్పు బాగుంటుంది" అన్నాడు. ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, అంకెలు చూడనిదే ఫైలు కదపను. ఇద్దరం బండి పక్కన కూర్చుని లెక్క వేశాము.

మన పల్లెల్లో తిరిగే వంద సి.సి. బళ్లకు ఎక్కువగా 80/100-18 టైరు ఉంటుంది. 80 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 100 అంటే ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు పాళ్లు. 18 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మావాడు కోరింది 100/90-18. అంటే వెడల్పు 100, ఎత్తు అందులో నూటికి 90 పాళ్లు. లెక్క ప్రకారం మొదటి చక్రం వ్యాసం 617 మి.మీ., రెండోది 637. తేడా రెండు సెంటీమీటర్లే.

ఆ రెండు సెంటీమీటర్లే చాలా పని చేస్తాయి. వెనక చక్రం పెద్దదైతే పికప్ తగ్గుతుంది. ఇద్దరెక్కి, ముందు ధాన్యం బస్తా పెట్టుకుని ఏటిగట్టు ఎక్కేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. ముందు చక్రం పెద్దదైతే, చాలా బళ్లకు స్పీడోమీటరు అక్కడి నుంచే నడుస్తుంది గనుక, ముల్లు 60 చూపినప్పుడు బండి 62 మీద పోతూ ఉంటుంది. సన్న రిమ్ముకు వెడల్పు టైరు వేస్తే అంచులు లోపలికి నొక్కుకుని నడిమి భాగం ఉబ్బుతుంది. కోరిన గ్రిప్పు రాకపోగా మలుపులో బండి ఊగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం మన మట్టి. కోనసీమ పుంతల్లో, కాలువ గట్ల మీద వానాకాలం రేగడి బంకలా అంటుకుంటుంది. టైరుకూ మడ్‌గార్డుకూ, టైరుకూ చైనుకూ మధ్య సందు ఉంటేనే అది రాలిపోతుంది. లావు టైరు ఆ సందును తినేస్తుంది. మా వియ్యంకుడుగారు కిందటి వర్షాకాలం కొడుకు బండి మీద వెళుతూ, అలాంటి టైరుకే మట్టి కూరుకుని చక్రం పట్టేయగా పడిపోయారు. తుంటికి ఆపరేషన్ జరిగింది. ఏటా మన సభకు వచ్చే మనిషి, ఈసారి రాలేకపోయారు.

బరువు కోసం లావు టైరు కావాలనేవారు ఒకటి గమనించాలి. టైరు పక్కన కొలత తరువాత ఇంకో అంకె ఉంటుంది. 47 అంటే 175 కిలోలు, 54 అంటే 212 కిలోలు ఆ టైరు మోయగలదని అర్థం. కనుక కొలత మార్చకుండానే ఎక్కువ బరువు మోసే టైరు అడగవచ్చు. అక్కడే నాలుగంకెలు కూడా చూడండి. 2423 అంటే 2023లో 24వ వారం తయారైనదని. గాలి మాత్రం కంపెనీ పుస్తకంలో చెప్పినంతే కొట్టించాలి.

చట్టం మాట కూడా చెబుతాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికేట్‌లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్సు వారు బండిని పరీక్షిస్తారన్నది మరువరాదు.

కనుక మిత్రులారా, పిల్లలు లావు టైరుకు డబ్బడిగితే కోప్పడవద్దు. రిమ్ముకు ఆ కొలత సరిపోతుందా, మట్టి రాలే సందు మిగులుతుందా, కంపెనీ పుస్తకం ఒప్పుకుంటుందా అని మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ జవాబు వచ్చాకే పర్సు తీయండి. మావాడు లెక్క చూశాక పాత కొలతలోనే, లోతైన గాళ్లున్న కొత్త టైర్లు వేయించుకున్నాడు. వాడి వెనక కూర్చునే ఈ సభకు వచ్చాను.