ఆ పగులు అలాగే ఉండనివ్వండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఎన్.సి.సి. గదిలో మిగిలిన పాత రైఫిళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. వాటిని బాగుచేయించి, వార్నిష్ వేయించి, అద్దాల బీరువాలో పెట్టాలని సంఘం అనుకుంటోంది. బీరువాలో పెట్టాలనే నేనూ అంటాను. వార్నిష్ మాత్రం వద్దంటాను.

ఇవి త్రీ నాట్ త్రీ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మన జవాన్లు మోసిన రకం. కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ ఈ రకం తయారయ్యేది. 1948లో ఎన్.సి.సి. ఏర్పడ్డాక ఇవే కేడెట్ల చేతికి వచ్చాయి. పేలకుండా చేసి కవాతుకు మాత్రమే ఇచ్చిన వాటిని డీపీ, అంటే డ్రిల్ పర్పస్ రైఫిళ్ళు అంటారు. మనవాటి మీద ఆ రెండక్షరాలు, తెల్లరంగు పట్టీ ఇప్పటికీ ఉన్నాయి. మనం గురిచూసి కాల్చింది వీటితో కాదు, క్యాంపులో ఇచ్చిన పాయింట్ టూ టూ రైఫిల్‌తో.

నేను తొమ్మిదో తరగతిలో చేరాను. నిజం చెప్పొద్దూ, పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం చేరాను. రైఫిల్ బరువు దాదాపు నాలుగు కిలోలు. ‘కంధే శస్త్ర్’ అంటే ఏమిటో హిందీ పాఠంలో కాదు, భుజం నొప్పితో తెలిసింది. పేలదని తెలిసినా మనిషి వైపు గొట్టం తిప్పకూడదన్నది మొదటి పాఠం.

ఒకనాడు రైఫిళ్ళు తిరిగి గదిలో పెడుతుంటే నా చేతిలోది జారి రాతి మెట్టు మీద పడింది. మడమ దగ్గర కర్ర పగిలింది. చప్పుడు చేయకుండా స్టాండులో పెట్టేశాను. ఆ నంబరు నాకంటే ముందు తీసుకున్న మిత్రుడి పేరు మీద ఉంది. రైఫిల్ తల మీదికెత్తి గ్రౌండు చుట్టూ పరుగెత్తింది అతను. నేను పూరీలు తిన్నాను.

ఈ మధ్య గది తెరిచినప్పుడు ఆ పగులు నా వేలికి తగిలింది. ఆ రాత్రే అతనికి ఫోన్ చేసి చెప్పాను. ‘‘నాకు అప్పుడే తెలుసురా. చెబితే ఇద్దరం పరుగెత్తేవాళ్ళం’’ అన్నాడు. ఇవాళ మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు.

ఆ పగుల్లో లప్పం పెట్టి వార్నిష్ కొడితే అది ఎక్కడైనా దొరికే మెరిసే వస్తువు అవుతుంది. మన చేతులు తగిలి నునుపెక్కిన కర్ర, చెక్కిన నంబర్లు, గీతలు, ఇవే మన బడి చరిత్ర. గరుకు కాగితం తాకించకండి. ఇనుముకు మెత్తటి గుడ్డతో పలుచగా తుపాకీ నూనె, కర్రకు కొద్దిగా అవిసె నూనె చాలు. చేతి చెమటకు తుప్పు పడుతుంది కనుక నూలు తొడుగులు వేసుకోండి. తోలు పట్టీ తేమ పీలుస్తుంది, దాన్ని విప్పి విడిగా ఉంచండి. బీరువాను చెమ్మగిల్లే గోడకు ఆనించకండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇవి మన సొత్తు కాదు, ప్రభుత్వానివి. వీటి లెక్క నంబర్లతో సహా బెటాలియన్‌లో ఉంటుంది. కాబట్టి ముందు ప్రధానోపాధ్యాయుల ద్వారా కమాండింగ్ ఆఫీసరు గారికి ఉత్తరం రాద్దాం. రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా గది తాళం తీయొద్దు. ఫొటోల సరదాకు వేదిక మీదికీ తేవద్దు. తిరిగి ఇచ్చేయమంటే మారుమాట లేకుండా ఇచ్చేద్దాం. క్రమశిక్షణ అని మనకు నేర్పింది అదేగా!

రైఫిళ్ళు వెళ్ళిపోయినా మిగలాల్సింది ఒకటుంది. మీలో కవాతు చేసిన ప్రతి ఒక్కరూ ఏ సంవత్సరం, ఎవరి పక్కన నిలబడ్డారు, ఏం జరిగింది, ఒక పేజీ రాసి సంఘానికి ఇవ్వండి. తప్పులతో సహా రాయండి. మొదటి పేజీ నాది. రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తున్నాను.

సెలవు. జైహింద్.