పందెపు కార్లు – వాటిని కాపాడిన యజమానులు

(తొప్పూరు తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాసపు ప్రసంగమునకు పాత పందెపు కార్లను, వాటి యజమానులను విషయముగా నేను కోరుకొనగా కొందరు మిత్రులు నవ్విరి. మన సభలలో సాధారణముగా కవులను గూర్చియు, పండుగలను గూర్చియు, పిల్లల చదువులను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. అంగడి నడుపుకొను వానికి పందెపు కార్లతో ఏమి పని యని వారి సందేహము. దానికి రెండు కారణములు చెప్పెదను. తొప్పూరు మహామార్గముపై నున్న ఊరు. శ్రీనగరము నుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి మన కనుమ గుండా దిగుచున్నది. లారీతోనో, బస్సుతోనో, మరమ్మతు షెడ్డుతోనో సంబంధము లేని యిల్లు మనలో అరుదు. ఇది మొదటి కారణము. మనలో నొక కుటుంబమువారు తమ తాతగారి కారును ఉంచుకొనుటయా, పాత ఇనుము క్రింద అమ్మివేయుటయా యని యిప్పుడు తర్జనభర్జన పడుచు నా సలహా నడిగిరి. వారి పేరు చెప్పను. ఆ సలహా పదిమందికిని పనికివచ్చునని తలచి ఇక్కడ చెప్పుచున్నాను. ఇది రెండవ కారణము.

మామూలు కారు చాల ఏండ్లు పనిచేయవలెనని చేయబడును. పందెపు కారు ఒకటి రెండేండ్ల పందెముల కొరకే చేయబడును. మరుసటి యేడు ఎవరో ఇంకను వేగముగా పోవు బండిని తెత్తురు. నిన్నటి విజేత నేడు మూలబడును. దాని ఇంజను నొకరును, చక్రముల నొకరును తీసికొనిపోగా మిగిలిన చట్రము తూకమునకు పోవును. చేసిన కంపెనీకి దానిపై మమకార ముండదు. దాని దృష్టి రాబోవు బండిపైననే. కావున 1920, 1930 ప్రాంతముల పందెపు కార్లు కొన్ని నేటికిని నడచుచున్నవన్నచో, సొంత డబ్బు పెట్టి, సొంత షెడ్డులో, ఇరుగుపొరుగువారు పిచ్చి యన్నను లెక్కచేయక వాటి నుంచుకొనిన వ్యక్తులే అందులకు ముఖ్యకారణము.

అట్టివారిలో ముందుగా బాట కట్టిన వానిని చెప్పవలెను. ఇంగ్లండు రోడ్లపై గంటకు 20 మైళ్ళకు మించి పోరాదను చట్టమున్న దినములలో, 1907వ సంవత్సరమున, హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి తన సొంత భూమిలో తన సొంత ధనముతో బ్రూక్‌లాండ్స్ అను పందెపు బాటను కట్టించెను. మోటారు పందెముల కొరకే కట్టబడిన బాటలలో ప్రపంచమున నది మొదటిది. వేగము కావలసినవాడు ఊరి రోడ్డు విడిచి ఇక్కడికి రావలెనని దాని భావము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; చివర మరల దీనితో పని గలదు.

ఆ బాటపై పేరు గాంచినవారిలో కౌంట్ లూయీ జబోరోవ్‌స్కీ యొకడు. అపార సంపదకు వారసుడు. తండ్రి 1903లో ఫ్రాన్సున కొండదారి పందెములో మరణించినను కొడుకు మానలేదు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట విమానపు ఇంజనులు చౌకగా దొరకుచుండగా, 23 లీటర్ల మేబాక్ ఇంజనును పాత మెర్సిడెస్ చట్రముపై నెక్కించి 1921లో పందెమునకు తెచ్చెను. దాని పేరు "చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్". పిమ్మట 27 లీటర్ల లిబర్టీ విమానపు ఇంజనుతో ఇంకొక బండిని చేయించెను. 1924లో ఇటలీలోని మోంజా పందెమున అతడును మరణించెను.

ఆ రెండవ బండి కథ వినదగినది. పారీ థామస్ అను ఇంజనీరు దానిని 125 పౌనులకు కొని, "బాబ్స్" అని పేరు మార్చి, 1926లో వేల్సు దేశపు పెండైన్ ఇసుకతీరమున గంటకు 171 మైళ్ళ వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1927 మార్చిలో అదే తీరమున అదే బండి పల్టీకొట్టి అతడు చనిపోయెను. మిత్రులు ఆ బండిని అక్కడనే ఇసుకలో పూడ్చివేసిరి. 42 సంవత్సరములు అది ఉప్పునీటి ఇసుకలో నుండెను. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను అధ్యాపకుడు అనుమతులు సంపాదించి దానిని త్రవ్వించి, తుప్పును గోకి, పోయిన భాగములను చేయించి, ఏండ్ల తరబడి శ్రమించి మరల నడిపించెను. ఇతడు కౌంటు కాడు, కోటీశ్వరుడు కాడు. పాఠములు చెప్పుకొను మనుష్యుడు. జబోరోవ్‌స్కీ ధనముతో పుట్టిన బండి ఓవెన్ ఓర్పుతో బ్రతికినది. ధనవంతులకే ఇది తగునని తలచువారు ఈ రెండు పేర్లను ప్రక్క ప్రక్కన వ్రాసి చూచుకొందురు గాక.

ఇక మన ఆసియా ఖండపు వారిని చెప్పెదను. సయాము రాజవంశీయుడగు బీరా 1914లో జన్మించి ఇంగ్లండున చదివెను. అతని జ్ఞాతి సోదరుడు చూలా రాకుమారుడు 1935లో బీరా ఇరువది యొకటవ జన్మదినమున "ఇ.ఆర్.ఎ." అను బ్రిటిషు పందెపు కారును బహూకరించెను. దానికి "రోములస్" అని పేరు. రెండవ బండి "రీమస్". ఈ రెండును రోము నగరపు పురాణములోని కవలల పేర్లు. మూడవ బండికి పెట్టిన పేరు "హనుమాన్". రామకథ సయాము వారికిని ఇంటికథయే గదా! మన లారీల ముందు ఆంజనేయస్వామి బొమ్మ నుంచుకొనువారికి ఆ పేరులోని అర్థమును నేను వివరింపనక్కరలేదు.

1936లో మొనాకోలో చిన్న ఇంజనుల కార్లకు జరిగిన పందెమున బీరా రోములస్‌తో గెలిచెను. ఈ జట్టులో నన్నాకర్షించినది నడపినవాని ధైర్యమొక్కటియే కాదు. చూలా నడిపిన నిర్వాహము. ఏ చక్రము ఎన్ని చుట్లకు అరిగినది, ఎక్కడ ఎన్ని క్షణములు ఆగితిమి యని ఆ రాకుమారుడు లెక్క తప్పక చూచుకొనెడివాడు. చిట్టా ఆవర్జాలు వ్రాయు మనకు ఆ క్రమము తెలిసినదే. ఇ.ఆర్.ఎ. బండ్లు యుద్ధమునకు ముందు ఇరువదికి లోపుగనే తయారైనవి. వాటిలో చాల భాగము నేటికిని నిలిచి పాతకార్ల పందెములలో పరుగిడుచున్నవి. చేసిన సంస్థ పోయినను ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన యజమానులు వాటిని పోనీయలేదు.

బీరా అంత్యదశ మాత్రము విచారకరము. 1985 డిసెంబరులో లండనులోని ఒక భూగర్భ రైలు స్టేషనున ఒంటరిగా కుప్పకూలి మరణించెను. పోలీసువారికి అతడెవరో తెలియలేదు. జేబులో చేతివ్రాతతో ఒక కాగితము దొరకెను గాని ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. విశ్వవిద్యాలయమునకు పంపగా అది థాయి లిపి యని తేలెను. అప్పుడు ఆ దేశపు రాయబార కార్యాలయమునకు తెలుపగా ఈతడు బీరా యని తెలియవచ్చెను. ప్రపంచమంతయు నెరిగిన మనుష్యుని కట్టకడపట గుర్తింపజేసినది అతని మాతృభాషా లిపి. తరతరములుగా ఈ తమిళనాటనే స్థిరపడి, ఇంట తెలుగు మాటాడుచున్న మనము ఈ సంగతిని ఊరక విని విడువరాదు.

ఇప్పుడు మన సమీపమునకు వత్తము. కోయంబత్తూరు ప్రాంతపు కలంగల్ గ్రామమున 1893లో తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడుగారిని ఎరుగనివా రుండరు. చదువుపై మనసు నిలువక, ఒక తెల్లదొర మోటారు సైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొని, భాగభాగముగా విప్పి మరల కూర్చి నేర్చుకొనెను. 1920లో పొల్లాచి–పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు సంస్థను నిర్మించెను. 1974లో దివంగతుడయ్యెను. ఆయన పేర కోయంబత్తూరున 2015లో తెరువబడిన కార్ల ప్రదర్శనశాలలో నానాదేశముల పాతకార్లు భద్రపరుపబడి యున్నవి. బడికి వెళ్ళు పిల్లలను తప్పక తీసికొనిపోయి చూపవలెను.

పందెముల విషయమున మన దక్షిణదేశపు బ్రూక్‌లాండ్స్ షోళవరము. చెన్నపట్టణమునకు ఉత్తరమున, నెల్లూరు పోవు దారిలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపు బాటపై 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు ఏండ్ల తరబడి పందెములు నడిపిరి. గోండల్ రాజవంశీయులు తమ కార్లను తెచ్చిరి. మిల్లు యజమానులును తెచ్చిరి. సొంతముగ బండ్లు కూర్చుకొనిన మెకానిక్కులును వచ్చిరి. 1990లో శ్రీపెరుంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోట్టైలో స్థిరమైన బాట తెరువబడెను. కోయంబత్తూరు లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన కరివర్ధన్ తాను పందెములలో పాల్గొనుటయే గాక, సామాన్యులకును అందునట్లు మారుతి కారు ఇంజనుతో ఒంటిసీటు పందెపు బండిని రూపొందించెను. 1995లో విమానప్రమాదమున అకాలమరణము పొందెను. చెట్టిపాళయములోని పందెపు బాట ఆయన పేరనే యున్నది. ఆ చిన్న మారుతి బండ్లలో ఓనమాలు దిద్దిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన మొదటి భారతీయుడయ్యెను. ఒక యజమాని అభిరుచి తన షెడ్డు దాటి పదిమందికి దారియైనచో ఫలమట్లుండును.

ఇక నన్నడిగిన సలహా. తాతగారి కారు పందెపు కారు కాదు. కాని నీతి యొక్కటే. అప్పుచేసి ఉంచుకొనుడని నేను చెప్పను. స్థలమును, కొంచెము తీరికయు నున్నచో మాత్రము తొందరపడి తూకమునకు వేయవలదు. ముందుగా కాగితములు వెదకుడు. ధర్మపురి జిల్లా 1965లో ఏర్పడినది. అంతకు మునుపు మనము సేలము జిల్లాలోనివారము. కావున పాత రిజిస్ట్రేషను వివరములకు సేలములో విచారింపవలెను. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, చట్రము, బాడీ, ఇంజను పెద్దగా మార్పబడక యున్న సొంత వాహనమును పురాతన వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్లకు చెల్లును, మరల పొడిగించుటకు 5,000 రూపాయలు. ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకొనవచ్చును. క్రొత్తగా నమోదగు వాటికి నంబరులో "వి.ఎ." అను అక్షరములుండును. ప్రదర్శనలకును, పాతకార్ల యాత్రలకును, మరమ్మతునకును నడుపవచ్చును గాని నిత్యము వాడుటకును, బాడుగకును వీలులేదు.

రెండవది, నిలువయుంచిన బండి నిలువయుంచినంత మాత్రమున బ్రతుకదు. పాత పెట్రోలు జిగురై గొట్టములను మూసివేయును. గాలి దిగిన టైర్లపై భారము పడి అవి చీలును. ఎలుకలు తీగెలు కొరుకును. కావున పెట్రోలు తీసివేయుడు, బ్యాటరీ విప్పుడు, ఇరుసులను దిమ్మెలపై నెత్తియుంచుడు, అప్పుడప్పుడు ఇంజనును త్రిప్పి ఆయిలు పారనిండు. మార్చిన పాత భాగమును పారవేయక చీటీ కట్టి దాచుడు. భాష సంగతియు నింతే. పెట్టెలోని తెలుగు పుస్తకము ఇంటి తెలుగును నిలుపదు. పిల్లలు దినమునకు పది మాటలైన చదివి వ్రాసిననే నిలుచును.

ఇప్పుడు ముందు జ్ఞాపకముంచుకొనుమన్న మాట. మన యువకులు కొందరు రాత్రివేళ కనుమలో మోటారు సైకిళ్ళతో పందెములు పెట్టుచున్నారు. మన కనుమ ఎన్ని ప్రాణములు తీసికొన్నదో నేను లెక్క చెప్పనక్కరలేదు. మీలో అంబులెన్సు శబ్దము విననివారు లేరు. ధర్మపురి వైపు నుండి సేలమునకు దిగు బరువు లారీని డీజిలు మిగులునని నూట్రలులో వదలినచో ఇంజను పట్టు పోవును. భారమంతయు బ్రేకులపై బడి అవి వేడెక్కి పట్టుతప్పును. అట్టి లారీ వెనుకనుండి వచ్చునప్పుడు పందెమాడు కుర్రవాని నేర్పు ఏమి చేయగలదు? వేగము కావలసినవారికి ఇరుంగాట్టుకోట్టై యున్నది, చెట్టిపాళయమున్నది. అచ్చట శిరస్త్రాణమును, వైద్యుడును, నియమమును గలవు. ఆ కాలపు ధనికుడగు హ్యూ లాక్ కింగ్ సైతము పందెములకు బాట వేరుగా కట్టించెను.

కావున సంఘమునకు మూడు మనవులు. మన కుటుంబములలో నిలిచియున్న పాత వాహనములకు ఫొటోలతో ఒక పట్టిక తయారు చేయవలెను. వృద్ధులైన డ్రైవర్లు, మెకానిక్కులు చెప్పు సంగతులను తెలుగులో వ్రాయించి ఈ వారపత్రికలో అచ్చువేయవలెను; వ్రాయుపని విద్యార్థుల కప్పగించినచో వారి తెలుగు కూడ సాగును. వేగమునందు ఆసక్తిగల యువకులను సంవత్సరమున కొకసారి సంఘము ఖర్చుతో అసలైన పందెపు బాటకు తీసికొనిపోవలెను. ఆ ప్రయాణపు ఖర్చులో మొదటి యేటి వాటాను నేను భరించెదను.

ఆ కుటుంబమువారికి నా మాట యిది. ఇనుము ధర రేపును దొరకును; తాతగారి బండి ఒకసారి ముక్కలైనచో మరల దొరకదు. ఈ వారము అమ్మకుడు. కాగితములు తీసికొని రండు, కూర్చుండి చూతము.