మొదటి విమానము, గంటల లెక్క
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో నేను హాజరుపట్టిక గూర్చియు, తెలుగు పాఠ్యపుస్తకములు ఆలస్యముగ వచ్చుట గూర్చియు మాట్లాడుట మీకు అలవాటే. ఈసారి చిన్న విమానము కొనుట గూర్చి మాట్లాడబోవుచున్నాను. వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగు బడికిని విమానమునకును సంబంధమేమని మీరడుగుట న్యాయమే. కాని ఈ ప్రశ్నను నేను వెదకికొని పోలేదు. అదియే నా గదిలోనికి నడచి వచ్చినది.

మన ప్రక్కనున్న అరక్కోణమున 1992లో నౌకాదళమువారి రాజాళి స్థావరము ఏర్పడినది. అక్కడి పి-8ఐ విమానము మనవైపు వచ్చిన క్షణమున ఎంతటి ఉపాధ్యాయుని పాఠమైనను ఆగవలసినదే. నలుబది తలలు కిటికీవైపు తిరుగును. అట్లు తిరిగిన తలలలో ఒకటి పళ్ళిపట్టువైపు గ్రామమునుండి వచ్చిన బాలునిది. వాడు మన బడి విడిచి పన్నెండవ తరగతి ముగించినాడు. తండ్రికి నాలుగు మరమగ్గములు, రెండెకరముల మామిడితోపు గలవు. ఆయన ఒకనాటి సాయంకాలము వచ్చి కూర్చుండి ఇట్లనెను:

“అయ్యవారూ, తోపుకు బేరం కుదిరింది. పిల్లోడు పైలట్ అవుతానంటాడు. మద్రాసులో ఒక ఏజెంటు చెప్పినాడు, అమెరికాలో పాత చిన్న విమానంలో ఒక పాలు కొనుక్కుంటే గంటలు చవగ్గా వస్తాయంట. మీ మేనల్లుడు అక్కడే ఉన్నాడు గదా, ఒక మాట అడిగి చెప్పండి.”

నేను లెక్కల మాస్టరును. విమానము సంగతి నాకేమి తెలియును? ఐనను రెండెకరముల తోపు అమ్ముడుపోవు వేళ నాకు తెలియదని పంపివేయుటకు మనసు రాలేదు. ఆ తరువాత మూడు నెలలు నేను నేర్చుకొన్నదే నేడు మీకు చెప్పుచున్నది.

ముందుగా ‘గంటలు’ అనగానేమో తెలియవలెను. విమానచోదకుని విద్యను మార్కులతోపాటు ఆకాశములో గడపిన గంటలతోను కొలుతురు. ప్రతి ప్రయాణమును లాగ్‌బుక్కులో వ్రాయుదురు. మన దేశములో వాణిజ్య లైసెన్సునకు మొత్తము 200 గంటలు కావలెను. అందు 100 గంటలు తానే బాధ్యుడై నడపినవి కావలెను. 20 గంటలు ఊరినుండి ఊరికి పోయినవి కావలెను. ఆ ప్రయాణములలో ఒకటి 300 నాటికల్ మైళ్ళకు, అనగా సుమారు 555 కిలోమీటర్లకు తగ్గరాదు. మన తిరుత్తణినుండి హైదరాబాదు దాటినంత దూరమనుకొనుడు. అమెరికాలో వాణిజ్య లైసెన్సునకు సాధారణముగ 250 గంటలు. కాని అక్కడి పెద్ద విమానసంస్థలలో చేరుటకు మామూలుగ 1500 గంటలు నిండవలెను. 2009లో బఫెలో నగరము చెంత ఒక విమానము కూలి ఏబదిమంది మరణించిన పిమ్మట చట్టము బిగించి, 2013నుండి సహచోదకునికి సైతము ఈ నియమము పెట్టిరి.

250కిని 1500కును నడుమనున్న ఆ పెద్ద గుంటను పూడ్చుటకే అక్కడి కుర్రవాండ్రు పాత చిన్న విమానములను కొందురు. అద్దె విమానమునకు గంట గంటకు చెల్లించుటకంటె సొంతముగ కొని, ముగ్గురు నలుగురు పంచుకొని తిరిగి, పని తీరిన పిమ్మట అమ్మివేయుట లాభమని వారి లెక్క. లెక్క తప్పు కాదు. ఏజెంటు చెప్పిన మాటలో సగము నిజమే యున్నది. చెప్పని సగము వినుడు: అమెరికాలో ఒక మనిషి తన పేర విమానమును నమోదు చేయింపవలెనన్న ఆ దేశపు పౌరుడైనను కావలెను, శాశ్వత నివాసియైనను కావలెను. విద్యార్థి వీసాపై పోయిన మన బాలుడు తన పేర నమోదు చేయింపలేడు. ఇతరుల పేరనున్న విమానములో ‘పాలు’ కొనుట యనగా, వాదు వచ్చిననాడు చేత కాగితము లేక నిలుచుటయే.

ఈ ముక్క చెప్పినది నా మేనల్లుడు. వాడు టెక్సాసులో కంప్యూటరు ఉద్యోగి, శాశ్వత నివాసి. వారాంతములలో గంటలు కూడబెట్టుచున్నాడు. వాని కథలో నా తప్పొకటి గలదు, దాచక చెప్పెదను. మొదట వారు ముగ్గురు మిత్రులు చూచినది పైపర్ చెరోకీ విమానము. నాలుగు ఆసనములు, కొత్త రంగు. ఇంజను తొమ్మిదివందల గంటలు మాత్రమే తిరిగినదని అమ్మువాడు చెప్పెను. మేనల్లుడు ఫోటో పంపి, “మామయ్యా, ఏమంటావు?” అని అడిగెను. స్కూటరు కొనిన తెలివితో నేను, “తక్కువ తిరిగినదే మంచిది గదరా, బయానా ఇచ్చివేయి” అంటిని. ఇచ్చినారు. పిమ్మట మెకానిక్కు ఒక సిలిండరును విప్పి లోపల అద్దముతో చూచి తల యూపెను. ఆ విమానము తొమ్మిదేండ్లు షెడ్డులో నిలిచియున్నది. అట్టి లైకమింగ్ ఇంజనులలో కవాటములను నడపు క్యామ్ షాఫ్టు పైభాగమున నుండును. ఇంజను తిరుగనప్పుడు నూనె క్రిందికి జారిపోయి పైనున్న ఇనుము ఆరును, గాలిలోని చెమ్మకు తుప్పు పట్టును. ఇంజను మొత్తము విప్పక తప్పదు. బేరము విడిచిరి, బయానా పోయినది. ఆ మొత్తమును నేనిత్తునన్నాను, వాడు పుచ్చుకొనలేదు. కాని ఆ మాట నా నోటినుండి వచ్చినదని నాకు నేటికిని సిగ్గే.

మగ్గము నేయువారికి ఇది కొత్త సంగతి కాదు. ఆరునెలలు ఆగిన మరమగ్గమును తిరిగి నడపుట ఎంత కష్టమో ఆ తండ్రి నాకంటె ముందే గ్రహించెను. “ఆడేదే కొనాల, నిలిచింది కాదు” అనెను. నేను పుటలకొలది చదివి తెలిసికొన్నది ఆయన ఒక ముక్కలో తేల్చివేసెను.

రెండవసారి వారు కొన్నది సెస్నా 150. ఇది 1958నుండి 1977వరకు తయారైనది. ఇరువదిమూడువేలకు పైగా చేసిరి. రెండే ఆసనములు, నూరు అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజను, గంటకు సుమారు ఇరువదిరెండు లీటర్ల పెట్రోలు, గంటకు 180 కిలోమీటర్ల వేగము. వారు కొన్నదానికి రంగు వెలిసినది, ఆసనపు గుడ్డ చిరిగినది. ఇంజను పదునొకండువందల గంటలు తిరిగినది. కాని వారమువారము తిరిగినది, మొదటిదినమునుండి లాగ్‌బుక్కులన్నియు వరుసగ నున్నవి. లాగ్‌బుక్కు పోయిన విమానము టి.సి. లేని విద్యార్థివంటిది; ఎంత బుద్ధిమంతుడైనను చేర్చుకొనుటకు చేయి రాదు.

ఇక లెక్క. ఈ అంకెలు లెక్క నేర్పుటకు నేను వేసికొన్నవి, ధరలు ఊరూరికి మారును. విమానము నిలుపు స్థలమునకు, బీమాకు, వార్షిక తనిఖీకి కలిపి ఏటికి 6000 డాలర్లనుకొనుడు. ఏటికి ఏబది గంటలు మాత్రమే తిరిగిన, గంటకు 120 డాలర్లు ఈ పద్దుక్రిందనే పోవును. ముగ్గురు తలకు నూరు గంటలు తిరిగిన, మూడువందల గంటలకు గంటకు 20 డాలర్లే. ఆ పైన పెట్రోలు. ఆ పైన అందరును మరచు పద్దొకటి గలదు: ఆ ఇంజనును 1800 గంటలకొకసారి పూర్తిగ విప్పి బాగుచేయవలెనని తయారీదారుల సూచన. అందులకు 27,000 డాలర్లనుకొన్నచో, ఎగిరిన ప్రతి గంటకు 15 డాలర్లు విడిగ దాచవలెను. దాచనివాడు చవుకగా ఎగిరితిననుకొని, అమ్మునాడు ఆ మొత్తము ధరలో పోగొట్టుకొనును. కనుక కొన్న ధరకంటె ఏటికెన్ని గంటలు తిరుగునన్నదే విమానమును చవుకచేయును. వారు ముగ్గురై కొనుటకు కారణమిదియే.

మరి పెద్దదైన సెస్నా 172 మేలు కాదా యని ఒక ఉపాధ్యాయ మిత్రుడు నన్నడిగెను. నాలుగు ఆసనములు, ప్రపంచమున అత్యధికముగ తయారైన విమానమదే. కాని ఒక్కడే కూర్చుండి గంటలు పోగుచేయువాడు మూడు ఖాళీ ఆసనములకు పెట్రోలు పోయుటెందులకు? సెస్నా 150కిని లోపములు గలవు. పుష్టియైన ఇద్దరు కూర్చుండి టాంకు నిండ నింపిన బరువు హద్దుకు చేరును; నావంటివాడు ఎక్కిన పెట్రోలు తగ్గింపవలసినదే. మబ్బులో పరికరములను చూచి నడపు శిక్షణకు కావలసిన సాధనములు చాలవాటిలో ఉండవు. అమెరికా వాణిజ్య లైసెన్సునకు కావలసిన పది గంటల ఆధునిక విమానపు శిక్షణయు ఇందు కుదరదు. రెండు ఇంజనుల అనుభవము అసలే రాదు. ఆ కొద్ది గంటలకు వేరు విమానమును అద్దెకు తీసికొందురు. అన్ని పనులకు ఒకే విమానమును కొనబోవుట ధనవంతుల ముచ్చట.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. చవుక విమానము కావలెనన్న బాధ మనకును పాతదే. ఫ్లయింగ్ క్లబ్బుల కొరకు బెంగుళూరు హిందుస్థాన్ సంస్థవారు పుష్పకమను రెండు ఆసనముల విమానమును చేసి 1958లో ఎగురవేసిరి. గుడ్డ కప్పిన రెక్కలు, తొంబది అశ్వశక్తుల ఇంజను. నూటికి పైగా చేసి క్లబ్బులకిచ్చిరి. పిమ్మట అదే నగరములోని జాతీయ ప్రయోగశాల ‘హంస’ను నిర్మించినది, దాని కొత్త రూపము 2021లో ఎగిరినది. ఐనను ఇక్కడ తండ్రి విమానము కొని బిడ్డకిచ్చుట జరుగు పని కాదు. లైసెన్సు శిక్షణ అనుమతి గల సంస్థలోనే జరుగవలెను. కొను విమానము సంస్థది, దాని మంచిచెడ్డలు అనుభవించునది మన బిడ్డ. మొత్తము ఖర్చు నలుబది, ఏబది లక్షలవరకు పోవుచున్నదని మీరు వినియే యుందురు.

అందుచేత ఆ తండ్రికి నేను చెప్పినది ఇది. అడ్వాన్సు కట్టకముందు మైదానమునకే పోయి అడుగుడు: విమానములు ఎన్ని గలవని కాదు, నేడు ఎగురగలవి ఎన్ని? విద్యార్థులు ఎందరు? పోయిన నెల ఒక్కొక్కరికి ఎన్ని గంటలు దొరికినవి? చెడిన విమానమును బాగుచేయు ఇంజనీరు అక్కడనే యున్నాడా? 200 గంటలు ముగించి పోయినవారు ఎన్ని నెలలలో ముగించిరి? కట్టిన సొమ్ములో ఎగురని గంటలకు తిరిగి వచ్చునది ఎంత? అన్నిటికంటె ముందు వైద్యపరీక్ష. వాణిజ్య లైసెన్సునకు మొదటి తరగతి వైద్యపత్రము లేనిదే గడవదు. తోపు అమ్మిన పిమ్మట కంటిలో లోపము బయటపడిన, ఆ చెట్లు తిరిగి రావు. రేడియోలో మాటలాడుటకు ఆంగ్లములో అంతర్జాతీయ కొలతన నాలుగవ స్థాయి రావలెను. తెలుగు బడి బిడ్డకు అది ఒక సంవత్సరపు శ్రద్ధ, అంతకు మించి భయపడవలసినది లేదు.

హైదరాబాదు పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా దాతల సాయముతో అక్కడి ఏవియేషన్ అకాడమీలో చేరి వాణిజ్య లైసెన్సు పొందినది. పై శిక్షణకు తెలంగాణ ప్రభుత్వము సాయపడినది. ఈ సంగతి చెప్పగనే ఆ తండ్రి ముఖము వికసించెను. కాని 1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి ఇటు వచ్చినది. భాష మనలను అటు కలుపును, నివాస ధ్రువపత్రము ఇటు నిలుపును. మన దరఖాస్తు మద్రాసుకే పోవలెను. ఈ మాట చెప్పుట నాకు కష్టమైనది.

తోపు ఇంకను అమ్ముడుపోలేదు. బాలుడు రెండవ తరగతి వైద్యపరీక్షలో నెగ్గినాడు, మొదటి తరగతికి పోవలసియున్నది. ఈ నడుమ రెండు శిక్షణసంస్థలకు పోయి ఆ ప్రశ్నలన్నియు అడిగి వచ్చినాడు. ఒకచోట పుస్తకము తెరచి చూపిరి. రెండవచోట, “నిన్ను పంపినది ఎవరు?” అని అడిగిరట. మా హెడ్మాస్టరు అని చెప్పినాడట.

ఆ ప్రశ్నల కాగితమును, లెక్క కాగితమును నా గదిలో బీరువా ప్రక్కన అంటించియున్నాను. కావలసినవారు సాయంకాలము నాలుగున్నర తరువాత వచ్చి వ్రాసికొనవచ్చును.