కత్తి వాదర – ఖర్చు లెక్క

డి.ఎ. బకాయిలు, మందుల బిల్లులు కాకుండా వేరే ఏదైనా చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. కనుక ఇనుము కోసే కత్తుల సంగతి చెబుతాను.

నేను 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు మామయ్యా, నా లెక్కలు చూసిపెట్టండి" అని మా మేనల్లుడు తన పాతఇనుము యార్డుకు తీసుకెళ్ళాడు. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దని కేంద్రం నియమం తెచ్చింది గదా! మనం లాగ్‌బుక్కులు రాసిన జీపులకు చివరి మజిలీ ఇలాంటి యార్డులే.

మట్టి తవ్వే ప్రొక్లెయిన్ మీరంతా చూసినదే. దాని బకెట్టు తీసి పెద్ద కత్తెర తగిలిస్తారు. ఆయిలు ప్రెషరుతో అది మూసుకుంటే ఇనుపదూలం చెరుకుగడలా తెగుతుంది. అయితే కోసేది దవడ కాదు, దవడకు బోల్టులతో బిగించిన గట్టి ఉక్కు బ్లేడ్లు. చాలా బ్లేడ్లకు నాలుగు వాదరలుంటాయి. ఒకటి మొద్దుబారితే తిప్పి ఇంకొకటి వాడుకోవచ్చు. నాలుగూ అయిపోతే కొత్తవి వేయవలసిందే.

పై బ్లేడుకూ కింది బ్లేడుకూ మధ్య సందు మిల్లీమీటరులో కొంత భాగం మాత్రమే. అరిగేకొద్దీ అది పెరుగుతుంది. అప్పుడు బ్లేడు వెనుక పలుచని షిమ్ములు పెట్టి సరిచేయాలి. లేకుంటే రేకు తెగకుండా మడతపడి దవడల మధ్య ఇరుక్కుంటుంది. ఆ ఒత్తిడికి దవడలు పక్కలకు ఒరుసుకుని, ఇరుసు పిన్ను కూడా దెబ్బతింటుంది.

ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి. ఆపరేటరు కుర్రాడు "బ్లేడ్లు అయిపోయాయి బాబాయ్ గారూ" అని మూడుసార్లు చెప్పాడు. ధర చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఆఫీసు అలవాటు ఎక్కడికి పోతుంది? "వచ్చే నెల చూద్దాం" అన్నాను. మూడోసారీ అదే మాట.

ఒకరోజు రేకు ఇరుక్కుంది. కుర్రాడు దిగి సుత్తితో కొట్టాడు. దెబ్బ బ్లేడుమీద పడింది. గట్టి ఉక్కు వంగదు, పెంకు లేస్తుంది. ఆ పెంకు వచ్చి కనుబొమ మీద తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. అర అంగుళం కిందైతే కన్ను పోయేది. ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడే కొత్త బ్లేడ్లకు, కొత్త బోల్టులకు ఆర్డరు రాశాను. మనకు తెలిసిన విద్య ఒకటే, రిజిస్టరు. ఏ తేదీన ఏ వాదర తిప్పారు, ఎన్ని గంటలు నడిచింది, సందు ఎంత, బోల్టులు ఎవరు బిగించారు, అన్నీ రాయిస్తున్నాను. బ్లేడును సుత్తితో కొట్టకూడదు, కళ్ళద్దాలు లేకుండా దగ్గరకు పోకూడదు అని మొదటి పేజీలో ఎర్రసిరాతో రాశాను. బ్లేడు మార్చాలో వద్దో చెప్పే అధికారం ఇప్పుడు ఆ కుర్రాడిదే. నాది సంతకం మాత్రమే.

మిత్రులారా, మన సర్వీసులో "పరిశీలించవచ్చు" అని రాసి పక్కన పెట్టిన కాగితాలెన్నో! వాటి వెనుక ఎవరి కన్ను ఉందో అప్పుడు చూడలేదు. డెబ్బై దాటాక ఒకసారి చూశాను.