చింపాంజీల అడవికి ఆరు రోజుల ప్రయాణం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాండాలో నా ఉద్యోగం గురించి చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఉద్యోగం ఎక్కడైనా ఉద్యోగమేనండీ, దాంట్లో చెప్పుకునేంత విశేషం లేదు. అయితే నిన్న రాత్రి భోజనాల దగ్గర మన బ్యాచ్‌వాళ్ళు ఎనిమిది మంది పట్టుబట్టారు. “వచ్చే ఫిబ్రవరిలో మేమంతా నీ దగ్గరికొస్తాం, చింపాంజీలను చూపించు” అన్నారు. ఆ ప్రయాణం ఎలా చేయాలో ఈ పది నిమిషాల్లో చెబుతాను. మిగిలినవాళ్ళకీ ఎప్పుడైనా పనికొస్తుంది.

అడవిలో పుట్టి పెరిగే చింపాంజీ ఆఫ్రికాలో తప్ప ఇంకెక్కడా లేదు. టాంజానియాలోని గోంబే అడవిలో జేన్ గుడాల్ 1960లో వీటిని పరిశీలించడం మొదలుపెట్టాకే వీటి బతుకు లోకానికి బాగా తెలిసింది. రువాండాలో న్యుంగ్వే, ఉగాండాలో బుడొంగో అడవులు కూడా ఉన్నాయి. తక్కువ రోజుల్లో చూసి రావాలంటే మాత్రం పడమటి ఉగాండాలోని కిబాలే నేషనల్ పార్కు అనువైనది. ప్రైమేట్ జాతులే అక్కడ పదమూడు ఉన్నాయి. కిబాలేలో కొన్ని చింపాంజీ గుంపుల వెంట ఏళ్ళ తరబడి మనుషులు రోజూ నడిచి, అవి మనల్ని చూసి పారిపోకుండా అలవాటు చేశారు. మనకు చూపించేది అలాంటి గుంపునే.

ముందు పర్మిట్, తర్వాతే విమానం టిక్కెట్టు. పర్మిట్ మీద తేదీ ఉంటుంది, ఆ రోజుకే అది చెల్లుతుంది. విదేశీయులకు 2024 జులై నుంచి 250 డాలర్లు. ఒక్కో గైడు వెంట ఆరుగురినే పంపుతారు కాబట్టి మన ఎనిమిది మందీ రెండు జట్లవుతారు. ఎవరు ఏ జట్టో ఇక్కడే తేల్చుకోండి, అడవి గుమ్మం దగ్గర అలగొద్దు. ఫిబ్రవరి అన్నారు, మంచిదే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మళ్ళీ జూన్ నుంచి ఆగస్టు వరకు అక్కడ వానలు తక్కువ.

రెండోది ఎల్లో ఫీవర్ టీకా. అది లేనిదే ఉగాండా వీసా రాదు, ఆన్‌లైన్ దరఖాస్తులోనే ఆ కార్డు జతచేయాలి. ఈ టీకా ఊళ్ళో ఆసుపత్రుల్లో వేయరు. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. ఒక్క డోసు జన్మంతా చెల్లుతుంది కానీ, వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు అమల్లోకి రాదు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మన దేశంలో ఆ జబ్బు లేదు గానీ, దాన్ని మోసే దోమ మాత్రం ఉంది. అందుకే అంత పట్టుదల.

ఇంకో మాట. మన బ్యాచ్ అందరం అరవై దాటినవాళ్ళమే. ఆ వయసులో ఈ టీకా మొదటిసారి వేయించుకుంటే ఇబ్బందులు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. గుడ్డు పడనివాళ్ళకూ ఇది ప్రమాదమే. కాబట్టి మీ డాక్టరు గారిని అడిగాకే డబ్బు కట్టండి. ఆయన వద్దంటే మానుకోవాల్సిందే. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడగండి.

ఇక రోజుల లెక్క. మొదటి రోజు ఎంటెబ్బెలో దిగడం. ముంబయి నుంచి నేరుగా విమానం ఉంది. రెండో రోజు పూర్తిగా విశ్రాంతి. విక్టోరియా సరస్సు పక్కనే ఉంటుంది, ఒడ్డున కూర్చోండి. మూడో రోజు కంపాలా మీదుగా ఫోర్ట్ పోర్టల్‌కు. కంపాలా నుంచి సుమారు 300 కిలోమీటర్లు, కారులో ఐదారు గంటలు. చివర్లో తేయాకు తోటలొస్తాయి. నాలుగో రోజు పొద్దున్నే కన్యంచు అనే చోటి నుంచి అడవిలోకి. ఐదో రోజు తిరుగు ప్రయాణం, ఆరో రోజు విమానం.

తిండికి భయపడకండి. ఉడికించిన అరటికాయ అక్కడ అన్నంలాంటిది, మతోకే అంటారు. చిక్కుడు గింజల కూరతో పెడతారు. రావులపాలెం అరటి మార్కెట్ చూసి పెరిగినవాళ్ళం, దానికి బెంగపడతామా!

అడవిలో నడక అరగంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. చింపాంజీలు రోజూ సాయంత్రం చెట్ల మీద కొమ్మలు వంచి కొత్తగా పడకలు కట్టుకుంటాయి. నిన్న ఎక్కడ పడుకున్నాయో, పొద్దున్న ఎటు కేకలేశాయో పట్టుకుని గైడు నడుస్తాడు. కింద బురద, వేళ్ళు. కాలవ గట్ల మీద నడిచిన కాళ్ళే గానీ, ఇప్పుడు మోకాళ్ళు వేరు కదా. ఇవాళ్టి నుంచే రోజూ గంట నడవండి. పొడుగు చేతుల చొక్కా, పట్టున్న బూట్లు, వాన కోటు తెచ్చుకోండి. ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకోవాలి, అక్కడి చీమలు మామూలువి కావు. సంచి మోయడానికి ఆ ఊరి మనిషిని పెట్టుకోండి. మీకు నడక తేలికవుతుంది, అతనికి నాలుగు డబ్బులొస్తాయి.

చింపాంజీలు కనిపించాక మనకిచ్చేది ఒక్క గంట. కనిపిస్తాయన్న హామీ కూడా లేదు. ఒక్కోసారి అత్తిచెట్టు మీద నల్లటి వీపు తప్ప ఏమీ అగుపడదు. ఒక్కోసారి మీ ఎదురుగానే కూర్చుని ఒకదాని వెంట్రుకలు ఒకటి దువ్వుకుంటాయి. పెద్ద చెట్ల వేళ్ళు గోడల్లా లేచి ఉంటాయి, వాటి మీద చేతులతో, కాళ్ళతో డప్పు కొట్టినట్టు కొడతాయి. వేటగాళ్ళు జింకల కోసం పెట్టిన తీగ ఉచ్చుల్లో పడి వేళ్ళు పోగొట్టుకున్నవి కూడా కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చింపాంజీ ఒంటి తీరు మనకు బాగా దగ్గర కాబట్టి మన జబ్బులు దానికి అంటుకుంటాయి. మనకు రెండు రోజుల జలుబు తెచ్చే వైరస్ దాని ప్రాణం తీయగలదు. ఈ కిబాలేలోనే, కన్యవారా అనే గుంపులో 2013లో దగ్గు జబ్బు వచ్చింది. 56 చింపాంజీల్లో ఐదు చనిపోయాయి. చూస్తే, మనుషుల్లో జలుబు తెచ్చే ఒక రైనోవైరస్. అదే అడవిలో ఎన్గోగో గుంపులో 2016–17లో మనుషుల నుంచి వచ్చే మరో శ్వాస జబ్బుకు 25 పోయాయి. ఆడ చింపాంజీ ఐదారేళ్ళకు ఒక పిల్లను కంటుంది. పోయిన పాతిక మళ్ళీ పుట్టి పెరగాలంటే ఎన్నేళ్ళో మీరే లెక్కేయండి.

అందుకే మాస్కు, దూరం, ఒక్క గంట అనే నియమాలు. అందుకే రెండో రోజు విశ్రాంతి పెట్టాను. విమానంలో పట్టిన జలుబు రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. దిగిన మర్నాడే అడవికి పరుగెత్తితే ఆ జలుబును మోసుకెళ్ళినట్టే.

నిన్న ఒక మిత్రుడు నవ్వుతూ అన్నాడు, “రెండు మాత్రలేసుకుంటే దగ్గు ఎవరికి తెలుస్తుందిరా” అని. గైడుకు తెలియకపోవచ్చు. మాత్ర దగ్గును అణుస్తుంది గానీ ఊపిరిలోని వైరస్‌ను ఆపదు. నేను రెండోసారి కిబాలే వెళ్ళినప్పుడు ఆ తెల్లవారే గొంతు పట్టేసింది. పర్మిట్ చేతిలోనే ఉంది, వెంట వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళారు, నేను ఆగిపోయాను. మధ్యాహ్నం దాకా ఆఫీసు అరుగు మీద కూర్చున్నాను. దూరంగా కేకలు వినిపించాయి. ఆ రోజుకు నాకు దక్కింది అదే. బాధ కలగలేదని చెప్పను. కానీ వాటి ఇంటికి జబ్బు తీసుకెళ్ళలేదు కదా అన్న తృప్తితో వెనక్కి వచ్చాను.

కాబట్టి మిత్రులారా, డబ్బు కట్టకముందే ఒక ఒప్పందం చేసుకుందాం. ఆ రోజు పొద్దున్న ఎవరికి దగ్గు, జలుబు, జ్వరం ఉన్నా వాళ్ళు బసలోనే ఆగిపోవాలి. 250 డాలర్లు తిరిగొస్తాయన్న లెక్క పెట్టుకోవద్దు. ఆగినవాళ్ళను మిగతావాళ్ళు ఆటపట్టించకూడదు. ఒక్కణ్ణి వదిలేయడం బాగోదనిపిస్తే అతనికి తోడుగా నేను ఆగిపోతాను. నేను అక్కడివాణ్ణి, మరోసారి వెళ్ళగలను.

ఈ మాటకు సరే అన్నవాళ్ళే పేర్లు ఇవ్వండి. పేరుతో పాటు పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుందో, డాక్టరు గారు టీకాకు ఏమన్నారో రాసి కార్యదర్శి గారికి అందజేయండి. నెలాఖరుకల్లా జాబితా నా చేతికొస్తే పర్మిట్ల తేదీ చూస్తాను.