చిన్న సినిమాలూ, మధ్యాహ్నం ఆటలూ



వంటా వార్పూ ముగించుకుని మీరు కాస్త నడుం వాల్చే వేళకు మీ ఇంటికి వచ్చాను. ఇవాళ ఊరగాయల గురించీ, చంటిపిల్లల జలుబు గురించీ చెప్పబోవడం లేదు. సినిమాల గురించి చెబుతాను. అందులో చెప్పడానికేముంది, అందరం చూస్తూనే ఉన్నాం కదా అంటారేమో. చూస్తున్నాం, నిజమే. కాని ఏ సినిమా చూడాలో మనలో ఎంతమందిమి నిర్ణయించుకుంటున్నాం? పండక్కి పెద్ద హీరో బొమ్మ వస్తుంది. పిల్లలు గోల పెడతారు. మావారు ఫోనులో టిక్కెట్లు కొంటారు. ఏ సినిమాకి వెళుతున్నామో నాకు ఆటోలో తెలుస్తుంది! ఇంటికి వచ్చాక కథ బాగుందా లేదా అని తండ్రీ కొడుకులు గంటసేపు వాదించుకుంటారు. నేను అన్నాలు వడ్డిస్తూ ఉంటాను. "నీకెలా ఉంది?" అని అడిగినవారు లేరు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అడగాలని తోచదు, అంతే.

మాది రాజమండ్రి. 1936లోనే నిడమర్తి సూరయ్యగారు ఇక్కడ దుర్గా సినీటోన్ అని స్టూడియో నెలకొల్పారు. ఆంధ్రదేశంలో అదే మొదటి స్టూడియో అంటారు. ఆ తర్వాత గోదావరి గట్టున ఎన్ని సినిమాలు తీశారో లెక్క లేదు. ఇంత సినిమా పిచ్చి ఉన్న ఊళ్ళో కూడా చిన్న సినిమా అన్నది మన కంట పడడం కష్టం. చిన్న సినిమా అంటే పెద్ద తారలూ పెద్ద పెట్టుబడీ లేకుండా, చెప్పదలచుకున్న కథను ఎవరికీ తలవంచకుండా చెప్పాలని తీసేది. వెనకటి రోజుల్లో ఆర్టు సినిమా అనేవారు, ఇప్పుడు ఇండిపెండెంటు సినిమా అంటున్నారు. ఆర్టు సినిమా అనగానే మా పిన్నిగారు ఆవులించేవారు. నత్తనడక నడుస్తాయన్న పేరు వాటికి ఊరికే రాలేదు లెండి. అయినా ఒక సంగతి గమనించండి. ఆడవాళ్ళ బతుకు గురించి ఈ చిన్న సినిమాలు చెప్పినంత సూటిగా పెద్ద సినిమాలు చెప్పలేదు.

బెంగాలీ ఆయన మృణాల్ సేన్ 1977లో మన తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. ప్రేమ్‌చంద్ కథ దానికి ఆధారం. పురిటి నొప్పులు పడుతున్న కోడల్ని గాలికి వదిలేసిన మామా, మొగుడూ అందులో ఉన్నారు. బి.నర్సింగరావుగారు 1988లో 'దాసి' తీశారు. దొరల ఇంట పెళ్ళికూతురి వెంట అరణంగా వచ్చిన పిల్ల కథ అది. కమలాక్షిగా వేసిన అర్చనకు జాతీయ ఉత్తమనటి బహుమతి వచ్చింది. చిత్రకారులు తోట వైకుంఠంగారికి కళాదర్శకత్వానికి వచ్చింది. అన్నీ కలిపి ఆ సినిమాకు 5 జాతీయ బహుమతులు. ఇన్ని బహుమతులు వచ్చిన తెలుగు సినిమాను మీలో ఎంతమంది చూశారు? నేను మొన్న మొన్నటిదాకా చూడలేదు.

ఇటువంటి సినిమాలు జనానికి చేరడానికే ఫిలిం సొసైటీలు పుట్టాయి. సత్యజిత్ రాయ్, ఆయన మిత్రులు 1947లో కలకత్తాలో ఒక సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నిటికీ కలిపి ఒక సమాఖ్య ఏర్పడితే దానికీ రాయ్‌గారే అధ్యక్షులయ్యారు. సభ్యులు చందా కట్టేవారు. పూనాలో 1964లో ఏర్పడిన ఫిలిం ఆర్కైవు వంటి చోట్ల నుంచి 16 మిల్లీమీటర్ల రీళ్ళు రేకు పెట్టెల్లో వచ్చేవి. ఏ కాలేజీ హాల్లోనో దుప్పటి కట్టి వేసుకునేవారు. ఇప్పుడు రీళ్ళూ లేవు, పెట్టెలూ లేవు. అరచేతిలో ఇమిడే వస్తువులో పది సినిమాలు పడతాయి. పని సులువైంది, మనుషుల్ని ఒకచోట చేర్చడమే కష్టమైంది.

జనం తలుచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి రెండు ముచ్చట్లు. శ్యాం బెనెగళ్‌గారి 'మంథన్' 1976లో వచ్చింది. గుజరాతు పాల సహకార సంఘాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని తీయించిన సినిమా అది. పాలు పోసే చేతులే పెట్టుబడి పెట్టాయన్నమాట. దానిని మళ్ళీ శుభ్రం చేసి 2024లో ఫ్రాన్సు దేశంలోని కాన్ ఉత్సవంలో వేశారు. రెండోది మనది, 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. విశాఖపట్నంలో కంచరపాలెం వీధుల్లోనే తీశారు. నటించినవాళ్ళు చాలామంది ఆ పేటవాళ్ళే, అంతకు ముందు కెమెరా ఎరగనివాళ్ళు. నిర్మాత పరుచూరి ప్రవీణగారు అమెరికాలో వైద్యురాలు, అందులో ఒక ముఖ్యమైన వేషం కూడా వేశారు. ఎదిగిన కూతురున్న, భర్త పోయిన ఒక ఉద్యోగిని మళ్ళీ పెళ్ళి మాట ఎత్తుతుంది అందులో. మన ఇళ్ళల్లో గుసగుసగా చెప్పుకునే మాట!

మా ఊళ్ళో ఇద్దరు కాలేజీ మాష్టార్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, కొందరు కుర్రాళ్ళు కలిసి నెలకొక సినిమా వేయడం మొదలుపెట్టారు. మా పక్కింటి వదినగారితో నేనూ వెళ్ళాను. సాయంత్రం ఆరున్నర ఆట, మేడమీది హాలు. నలభై మందిలో ఆడవాళ్ళం ముగ్గురం. సినిమా అయ్యాక చర్చ అన్నారు. ఆ చర్చలో వచ్చిన మాటలు సగం నాకు అంతుపట్టలేదు. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కాని అక్కడి పెద్దమనిషి ఒకరు "ఆ పాత్ర మనస్తత్వం నమ్మేటట్టు లేదు" అన్నది ఎవరి గురించో తెలుసా? అత్తింట్లో నోరెత్తకుండా పడి ఉన్న కోడలి గురించి. ఎందుకు పడి ఉంటుందో మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్ళం కదా అనిపించింది. దారిలో వదినగారితో అన్నాను, వేళ మారిస్తే మనవాళ్ళు వస్తారని. ఆరున్నరంటే పిల్లల చదువులు, పెద్దవాళ్ళ ఫలహారాలు, మంచినీళ్ళ కొళాయి. ఆ వేళకు ఇల్లు వదిలి రాగల గృహిణి ఎవరు? వెనక మా అమ్మా వాళ్ళకి మాట్నీ ఉండేది, హాల్లో ఆడవాళ్ళకి వేరే చోటూ, టిక్కెట్టుకి వేరే కిటికీ ఉండేవి. ఇరుగూ పొరుగూ కలిసి నడిచి వెళ్ళేవారు. అటువంటి హాళ్ళు చాలా ఊళ్ళలో కల్యాణ మండపాలైపోయాయి.

మాష్టార్లతో చెబితే వెంటనే ఒప్పుకున్నారు. పనిరోజున మధ్యాహ్నం ఆడవాళ్ళకే ఒక ఆట. ఒక స్కూలువారు హాలు ఇచ్చారు. మొదటి సినిమా 'దాసి'. నిడివి తక్కువని అదే పెట్టాం. ఇరవై ఆరుగురు వచ్చారు. తెలంగాణ యాస మొదట పది నిమిషాలు చెవికి కొత్తగా ఉన్నా తరువాత ఎవరికీ అడ్డం రాలేదు. దీపాలు వేశాక ఎవరూ మాట్లాడలేదు. ఒక చిన్నావిడ మాత్రం, "ఇంత బాధ పని మానుకుని వచ్చి చూడాలా అక్కా? ఇంట్లో సీరియల్లో ఏడుపు చాలదూ?" అంది. కొందరు నవ్వారు. అప్పుడు వెనకవరసలో కూర్చున్న పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి, మెల్లిగా లేచారు. "మా అమ్మమ్మగారి ఇంట్లో ఇలాంటి మనిషి ఒకావిడ ఉండేది. నాకు నీళ్ళు పోసింది, జడలు వేసింది. దాని పేరేమిటో నాకు తెలియదు. అందరం 'అది' అనే వాళ్ళం," అని కూర్చున్నారు. ఆవిడ కోడలు పక్కనే ఉంది. ఈ సంగతి ఎన్నడూ వినలేదని తరువాత నాతో అంది. చిన్నావిడ ప్రశ్నకు అది జవాబో కాదో నేను చెప్పలేను. ఆ అమ్మాయి మాత్రం రెండో ఆటకీ వచ్చింది.

మీ ఊళ్ళో పెట్టుకోదలచుకుంటే నాలుగు మాటలు. ఇంట్లో చందా కట్టి ఫోనులోనో టీవీలోనో చూసే సినిమాను పదిమందిని పోగేసి హాల్లో వేయడానికి ఆ చందా సరిపోదు. హక్కులున్నవారి అనుమతి ఉత్తరం ద్వారా అడిగి తీసుకోవాలి. చిన్న సినిమాలవాళ్ళు చాలామంది సంతోషంగా ఇస్తారు. సెన్సారు సర్టిఫికెట్టు ఉన్న సినిమానే ఎంచుకోవడం క్షేమం. బొమ్మ కాస్త మసకైనా సర్దుకోవచ్చు గాని మాట వినపడకపోతే జనం లేచిపోతారు, కనుక ప్రొజెక్టరుకన్నా మంచి స్పీకర్లకి ఖర్చు పెట్టండి. కిటికీలకి నల్లగుడ్డలు కట్టండి. వేరే భాష సినిమా అయితే కింద ఇంగ్లీషు అక్షరాలు చకచకా పోతాయి, మనలో చాలామందికి అందవు. ఒకరు ముందే లేచి కథ ఐదు నిమిషాల్లో చెబితే సరి. చివర ఏమవుతుందో మాత్రం చెప్పకూడదు! చంటిపిల్లల తల్లుల్ని తలుపు పక్క కూర్చోబెట్టండి. చర్చకి ఎవరినీ వేదిక ఎక్కించకండి, కుర్చీలు గుండ్రంగా తిప్పుకుంటే చాలు.

వచ్చే ఆటకి 'కేరాఫ్ కంచరపాలెం' వేద్దామని కొందరు, 'మంథన్' వేద్దామని కొందరు పట్టు పట్టారు. మొదటిది రెండున్నర గంటలు. స్కూలు బస్సు మూడున్నరకి వస్తుంది. అందుకని పన్నెండింటికే మొదలుపెట్టి, అన్నం డబ్బాలు వెంట తెచ్చుకుందామని తేల్చాం. మావారు ఆ రోజు వంకాయ కూర తనే చేసుకుంటానన్నారు. చూడాలి.