కలావెవ గట్టు మీద అద్దంకి పిల్లలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా పిల్లల్ని శ్రీలంక తీసుకెళ్లిన సంగతి చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. 18 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లం, ఆరు రోజులు. విహారయాత్ర అనే పేరు పెట్టాం. పిల్లలు విహారానికే వచ్చారు, అందులో తప్పేమీ లేదు.

కాగితాల పని మాత్రం విహారం కాదు. పిల్లల పాస్‌పోర్టుకి మామూలుగా తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. మిరప కోతల రోజుల్లో ఒకరు ఒక ఊళ్లో, ఇంకొకరు ఇంకో ఊళ్లో కూలికి పోయి ఉంటారు. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా. నాలుగు నెలలు ఇదే తిరుగుడు. చెన్నై నుంచి కొలంబోకి విమానం గంటన్నరే. మనం ఒంగోలు వెళ్లి రైలెక్కి చెన్నై చేరడానికే అంతకు మూడింతలు పడుతుంది!

మా కార్యక్రమ పట్టికలో ‘కలావెవ’ అని చూసి ఒక తండ్రి అదేమిటని అడిగాడు. సింహళంలో వెవ అంటే చెరువని చెప్పాను. “ఇంత డబ్బు పోసి చెరువు చూట్టానికా సారూ? మనకి చెరువులు లేవా?” అన్నాడు. ఆయనది అద్దంకి బ్రాంచి కాలువ కింద చివరి పొలం. నీళ్లు వస్తాయో రావో తేలకుండానే నారు పోసుకునే మనిషి. ఆ ప్రశ్న సబబైనదే. దాన్ని ఆయన కొడుకు నోటుబుక్కు మొదటి పేజీలో రాయించాను.

ఏ టూరు వాళ్లయినా ముందు సిగిరియా కొండ ఎక్కిస్తారు. మేం ముందు కలావెవకి వెళ్లాం. దాన్ని ఐదో శతాబ్దంలో ధాతుసేన మహారాజు తవ్వించాడు. ధనం ఎక్కడ దాచావని కొడుకు కాశ్యపుడు నిలదీస్తే, ఆ రాజు ఈ చెరువులో దిగి, నీళ్లు చేతుల్లోకి తీసుకుని, నా ఆస్తంతా ఇదేనన్నాడని చూళవంశం చెబుతుంది. కొడుకు తండ్రిని చంపించాడు. ఆ కొడుకు కట్టుకున్న కోటే సిగిరియా. ఇది విన్నాక కొండ ఎక్కితే పిల్లలకి అది వేరేగా కనిపిస్తుంది.

కలావెవ నుంచి అనురాధపురంలోని తిస్సవెవకి 87 కిలోమీటర్ల కాలువ ఉంది, పేరు జయగంగ. మొదటి 17 మైళ్లలో దాని వాలు మైలుకి ఆరంగుళాలే. పాత కాలువకి గట్టు ఒక పక్కనే ఉండేది. రెండో పక్క మెరక నేల. అక్కణ్ణించి జారే వాననీళ్లు కూడా కాలువలోకే దిగేవి. పిల్లలు గట్టు మీద కూర్చుని బొమ్మలు గీశారు.

ఆ రైతు కొడుకు మాత్రం గీయడం ఆపి, “చివరి పొలానికి నీళ్లు అందేవా సార్?” అన్నాడు. నేను గైడుని అడిగాను. ఆయన కూడా వరి పండించే ఇంటివాడే. వంతుల దగ్గర తగాదాలు తమకీ ఉన్నాయన్నాడు. అయితే చెరువులో నీళ్లు తక్కువైన ఏడు ‘బెత్మ’ అని ఒక పాత పద్ధతి ఉందట. ఆయకట్టు మొత్తం సాగు చేయకుండా చెరువు దగ్గరి భాగాన్నే సాగులో పెట్టి, చివరి పొలాల వాళ్లకీ అందులో వాటా పంచుతారు. “పై పొలాల వాళ్లు ఒప్పుకుంటారా?” అన్నాడు కుర్రాడు. గైడు నవ్వి, “ఒప్పించాలి, ఊళ్లో కూర్చుని” అన్నాడు.

సిగిరియా అద్దపు గోడ మీద ఎనిమిదో శతాబ్దం నుంచీ వచ్చిపోయినవాళ్లు గీకిన సింహళ పద్యాలున్నాయి. మన పండరంగని అద్దంకి శాసనం 848 నాటిది, అందులో తరువోజ పద్యం ఉంది. దాని సంగతి బయల్దేరే ముందే చెప్పి తీసుకెళ్లాను కాబట్టి, గోడ ముందు పిల్లలు వట్టి ఫొటోలతో సరిపెట్టుకోలేదు.

తిరిగొచ్చాక ఆ తండ్రికి కొడుకే బెత్మ గురించి చెప్పాడు. “మన దగ్గర సాగదులేరా” అన్నాడాయన. కాసేపాగి, “వాటా ఎంతెంత వేస్తారంట?” అని అడిగాడు.

2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల పిల్లలు పదిమంది న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లొచ్చారు. కాబట్టి మన పిల్లలకి కొలంబో దూరమేమీ కాదు. పూర్వ విద్యార్థుల సంఘాన్ని నేను అడిగేదేమిటంటే, ఈసారి జాబితాని డబ్బు కట్టగల ఇళ్ల నుంచి మొదలుపెట్టవద్దు. మా 18 మందిలో ఐదుగురి ఖర్చు మీలాంటివాళ్లే పెట్టుకున్నారు, ఆ కుర్రాడు ఆ ఐదుగురిలో ఒకడు. తొమ్మిదో తరగతిలో చేరగానే పాస్‌పోర్టు కాగితాల పని మొదలుపెడితే వేసవికి అందుతాయి. ఆ తిరుగుడికి సంఘం తరఫున ఒక మనిషి కావాలి. నేను వస్తాను, నాతో ఇంకొకరు రండి.